రోలరు లాగనివాడు ఆడకూడదు

ఉదయం ఐదూ ఇరవైకి గంగులప్ప సారు గ్రౌండు గేటు తాళం తీసేవారు. వానొచ్చినా, పండగొచ్చినా, చివరికి రిటైరయినా తీశారు. రిటైరయ్యాక ఆ తాళంచెవి ఎవరికి అప్పగించాలో స్కూలువాళ్లు చెప్పలేదు, ఆయన అడగలేదు. ఆ విధంగా కుప్పంలో ఒక ప్రభుత్వ ఆస్తి కొన్నేళ్లపాటు సక్రమంగా నడిచింది.

ఆయన పోయి నాలుగు నెలలైంది. ఈమధ్య కొత్తగా వ్యాయామ ఉపాధ్యాయులుగా చేరిన కొందరు మదనపల్లెలో మా ఇంటికి వచ్చి, "మీ అనుభవాలు రాయండి సార్, మాకు పనికొస్తాయి" అన్నారు. పనికిరావని చెప్పాను. వాళ్లు దాన్ని వినయం అనుకున్నారు. అయినా రాస్తున్నాను. గంగులప్ప సారు సంతాపసభలో మాట్లాడిన పెద్దలు ఆయనను క్రీడారంగానికి ధ్రువతార అన్నారు. వాళ్లలో ఒక్కరూ ఆయన గేటు తీసే వేళకు నిద్ర లేచినవాళ్లు కారు. ఆ తార సంగతి అలా ఉండగా, ఆ మనిషి ఏం చేసేవాడో ఎవరో ఒకరు రాసిపెట్టాలి.

ఉద్యోగం ఏమిటంటే

నా మొదటి పోస్టింగు పుంగనూరు. డిప్లొమా పట్టుకుని, కొత్త బూట్లు వేసుకుని వెళ్లాను. వ్యాయామ ఉపాధ్యాయుడి పని ఏమిటో అక్కడ తెలిసింది. రాని టీచర్ల క్లాసుల్లో పిల్లలు కొట్టుకోకుండా చూడాలి. జెండా పండగకు తాడు చిక్కుపడకుండా చూడాలి. ముఖ్య అతిథి వస్తే పిల్లల్ని ఎండలో వరుసగా నిలబెట్టాలి, అతిథి రాకపోతే ఇంకాసేపు నిలబెట్టాలి. మిగిలిన సమయంలో ఆటలు నేర్పాలి. సమయం మిగలదు.

నాకు పుస్తకాలు చదివే అలవాటుంది. స్టాఫ్ రూములో దాన్ని ఒక లోపంగా చూసేవారు. డ్రిల్లు మాష్టరు చేతిలో విజిలుండాలి గానీ పుస్తకమేమిటని లెక్కల సారు బాధపడేవారు. లెక్కల సారు చేతిలో ఏదీ ఉండేది కాదు కాబట్టి ఆయనకు ఆ బాధ్యత లేదు.

అక్కడ గంగులప్ప సారు నాకు సీనియరు. స్వగ్రామం కుప్పం పక్కన. పొట్టిమనిషి, బాస్కెట్‌బాల్ ఆడేవాడిలా ఏ కోశానా కనబడరు. మా కోర్టు మట్టి కోర్టు. రోజూ తెల్లవారుజామున దానికి నీళ్లు చల్లాలి, చీపురు పట్టాలి, రోలరు లాగాలి, సున్నంతో గీతలు గీయాలి. ఇవన్నీ ఆడేవాళ్లే చేయాలి. రోలరు రాతిది. ఇనుప పిడి వేసిన గ్రానైటు దిమ్మ. ఎంత బలమున్నవాడైనా ఒక్కడు లాగితే కదలదు, నలుగురు పట్టాలి.

ఆయనది ఒకే నియమం. రోలరు లాగనివాడు ఆడకూడదు.

కొత్తలో నేను డిప్లొమా భాషలో అడిగాను. "ఇందులో విద్యాపరమైన లక్ష్యం ఏంది సార్?"

"నేల సదునవుతాదప్పా."

"అంతేనా? దీనివల్ల పిల్లల్లో టీం స్పిరిట్ వస్తుంది కదా?"

"నడుం నొప్పి వస్తాది. మాట్లాడకుండా ఆ పక్క పట్టు."

పట్టాను. తర్వాత చాలా సెమినార్లలో రోలరు మీదా, ఐక్యత మీదా ఉపన్యాసాలు విన్నాను. ఇచ్చినవాళ్లెవరూ రోలరు లాగినవాళ్లు కారు. లాగినవాళ్లకు దాని బరువు తప్ప మరేమీ గుర్తుకు రాదు.

ప్రతిభావంతులు

కొత్తగా చేరేవాళ్లు ప్రతిభ లేని పిల్లల గురించి భయపడతారు. వాళ్లతో ఏ ఇబ్బందీ లేదు. పాస్ ఇమ్మంటే ఇస్తారు, అడ్డం నిలబడమంటే నిలబడతారు, బోర్డు కింద దెబ్బలు తినమంటే తింటారు. ప్రతిభ లేనివాడికి పక్కవాడి అవసరం మొదటి రోజే తెలుస్తుంది. ప్రతిభ ఉన్నవాడికి ఆలస్యంగా తెలుస్తుంది, అది కూడా చాలామంది చూస్తుండగా.

మదనపల్లెలో ఒకడుండేవాడు. ఆట మధ్యలో రోడ్డు మీద ఆడపిల్లల కాలేజీ బస్సు వచ్చే వేళ కాగానే, దూరం నుంచి బాలు వేసే మూడు పాయింట్ల గీత దగ్గరికి వెళ్లి నిలబడేవాడు. బస్సు లేటయితే మా జట్టు ఓడిపోయేది. పుంగనూరులో ఇంకొకడికి మేనమామ ఉండేవాడు. ప్రతి మ్యాచికీ వచ్చి గీత మీదే నిలబడి, "మావోనికి బాలియ్యండ్రా, మీకేల అది?" అని అరిచేవాడు. ఆయన అరుపుకు భయపడి అవతలి జట్టువాళ్లు కూడా ఒకసారి వాడికే ఇచ్చారు.

తప్పు పూర్తిగా పిల్లలది కాదు. ఈ రోజుల్లో బాలు రింగులో పడేలోపే ఫోన్లో వీడియో పడుతోంది. ఆ వీడియోలో వేసినవాడుంటాడు. ఇచ్చినవాడు ఉండడు, అతను కెమెరా ఆన్ చేయకముందే తన పని ముగించి ఉంటాడు. పొగడ్త ఇంత తొందరగా అందుతున్నప్పుడు తెల్లవారుజామున లేచి నేలకు నీళ్లు చల్లమంటే ఎవడు చల్లుతాడు? నేనయితే చల్లేవాణ్ణి కాదు.

ఉపదేశాలు పని చేయవని కూడా ఇక్కడే చెప్పేస్తాను. క్రమశిక్షణ గురించి నేను చెప్పిన మాటలు ఒక్క కుర్రాణ్ణీ మార్చలేదు. వాళ్లు తలాడించేవారు. తలాడించడంలో కూడా మంచి ప్రతిభ చూపేవారు.

ఏనుగులు

చాలా ఏళ్ల తర్వాత నాకు కుప్పం బదిలీ అయింది. అప్పటికి గంగులప్ప సారు కూడా అక్కడికే బదిలీ అయి, రిటైరై అక్కడే ఉన్నారు, తాళంచెవితో సహా. అలాంటిదే మట్టి కోర్టు, శాంతిపురం వైపు క్వారీలో నెర్రె పడిందని ఎవరో వదిలేస్తే తెచ్చుకున్న రోలరు, అదే నియమం. నేను జీతం తీసుకునేవాణ్ణి, ఆయన పని చేసేవారు. ఇద్దరికీ అభ్యంతరం లేకపోయింది.

ఆ జట్టులో నవీన్ అనే కుర్రాడుండేవాడు. రామకుప్పం పక్కన పల్లె. నా సర్వీసులో అలాంటి ఆటగాణ్ణి ఇంకొకర్ని చూడలేదు, ఇది మాత్రం వ్యంగ్యం కాదు. బాలు వాడి చేతికి వస్తే అవతలివాళ్లు ముగ్గురు మీద పడాల్సిందే. ఆ ముగ్గురు మీద పడ్డప్పుడు మావాళ్లలో ఒకడు ఖాళీగా ఉంటాడు కదా, వాడికి ఇవ్వొచ్చు కదా అనే ఆలోచన మాత్రం నవీన్‌కు వచ్చేది కాదు. ఇచ్చేవాడు, అప్పుడప్పుడు, సొంత భూమి రాసిస్తున్నట్టు మొహం పెట్టి.

రోలరు లాగే వేళకు రాడు. ఆరున్నరకు, గీతల సున్నం ఆరాక వస్తాడు.

"యాలరా లేటు?" అని గంగులప్ప సారు అడిగేవారు.

"ఏనుగులొచ్చినాయి సార్."

"నిన్న?"

"నిన్న కూడా వచ్చినాయి సార్."

"రోజూ మీ చేనికేనా? ఊర్లో ఇంకెవురివీ చేన్లు లేవా?"

"ఉండాయి సార్. మాదే అడివి పక్కన ఉండాది."

పిల్లలు నవ్వేవారు. రామకుప్పం వైపు ఏనుగులు రాగిచేలలో పడటం మాకు వార్త కాదు, కానీ ప్రతి ఉదయం ఆరున్నరకు ముగిసే ఏనుగులను ఎవరూ నమ్మలేదు. నవీన్ ఆ రోజు బయటే కూర్చునేవాడు. చూసీ చూసీ సారు చివర్లో, "సరే, పది నిమిసాలు ఆడు" అనేవారు. ఆ పది నిమిషాల ఆట చూడాలని ఆయనకూ ఉండేది.

జట్టు కెప్టెన్ మస్తాన్. వాళ్ల నాయనకు బస్టాండు దగ్గర వెల్డింగు షాపు. మస్తాన్‌కు ప్రతిభ లేదు, ఆ సంగతి వాడికి తెలుసు. నోరు మాత్రం ఉంది. "మేము రోలర్లు, ఆయప్ప ప్లేయరు" అని నవీన్‌కు వినబడేటట్టే అనేవాడు. నవీన్ వినబడనట్టు ఉండేవాడు. వాళ్లిద్దరూ ఒకే జట్టులో ఆడుతూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు. మేము దాన్ని పిల్లల పంతం అనుకున్నాం.

ఆ ఏడు నవీన్‌కు ఒక గడువు ఉండింది. జిల్లా జట్టులోకి ఎంపికైతే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, చదువు, తిండి. కాకపోతే ఇంటర్‌తో చదువు ఆపి బెంగుళూరులో మేనమామ చేసే చోట సెక్యూరిటీ గార్డుగా చేరడం. ఈ మాట వాళ్ల నాయన మునెప్ప నాతో స్కూలు గేటు దగ్గర నిలబడి చెప్పాడు. కోపంగా చెప్పలేదు. "వాడొక్కడే గదా సార్, ఎన్నాళ్లని చేను కాడ నేనొక్కణ్ణే ఉండేది" అన్నాడు. అప్పుడు ఆ మాట నేను సరిగా వినలేదు.

తడి

ఎంపిక చేసే పెద్దలు పుంగనూరు, కుప్పం జట్ల మధ్య ఫైనలు చూడటానికి మా గ్రౌండుకే వస్తామన్నారు. మా హెడ్మాస్టరుకు కాళ్లూ చేతులూ ఆడలేదు. తెల్లచొక్కాల మీద దుమ్ము పడకూడదని ఆయన మున్సిపాలిటీ ట్యాంకరు చెప్పించారు. ట్యాంకరు డ్రైవరు ఉదారంగా నీళ్లు పట్టాడు. మా కోర్టు అంత నీటిని వానాకాలంలో కూడా చూడలేదు.

తెల్లవారుజామున వచ్చి చూస్తే తూర్పు బోర్డు ఎడమ వైపు రాగి సంగటిలా ఉంది. పిల్లలు పొడిమట్టి తెచ్చి పోశారు, రోలరు లాగారు, మళ్లీ పోశారు, మళ్లీ లాగారు. పైకి చదునయింది. లోపల మెత్తగానే ఉంది. అక్కడ బాలు కొడితే లేవదు. ఇది చూస్తే తెలియదు, లాగినవాళ్లకే తెలుసు.

నవీన్ ఎనిమిదిన్నరకు వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ప్యాంటు మోకాళ్ల దాకా బురద.

"ఏనుగులొచ్చినాయి సార్" అన్నాడు.

ఆ రోజు ఎవరూ నవ్వలేదు. మస్తాన్ మొహం తిప్పుకున్నాడు.

గంగులప్ప సారు నియమం ప్రకారం నవీన్ ఆడకూడదు. హెడ్మాస్టరు పరిగెత్తుకుంటూ వచ్చారు. "గంగులప్పా, వాళ్లొచ్చిందే వీణ్ణి చూడ్డానికి. నీ రోలరు రేపు లాగిద్దాం లేప్పా." సారు కొంచెంసేపు నేల చూశారు. తర్వాత మస్తాన్‌ను పిలిచి, నా ముందే అన్నారు. "ఆడనీ. యాడ మెత్తగా ఉండాదో వానికి సెప్పు."

"సరే సార్" అన్నాడు మస్తాన్.

మొదటి సగంలో మావాళ్లు పడమటి రింగులో వేయాలి. తూర్పు రింగు మీదికి పుంగనూరువాళ్లు కుడివైపు నుంచే వచ్చారు. నవీన్ ఆడిన ఆట ఇప్పటికీ నా కళ్ల ముందుంది. ఎంపిక చేసే పెద్దల కళ్ల ముందు లేదు, ఆ సమయానికి వాళ్లకు ఇడ్లీలు వచ్చాయి. రెండో సగంలో వైపులు మారాయి, తూర్పు రింగు మాది. మావాళ్లు ఎడమ వైపు బాలు నేలకు కొట్టకుండా గాల్లోనే పాసులిచ్చుకున్నారు. మెత్తటి చోట పుంగనూరు కుర్రాడొకడు జారిపడ్డాడు. వాళ్లకూ సంగతి అర్థమైంది. ఆ క్షణంలో నవీన్ పెద్దలు తింటున్నారా, చూస్తున్నారా అని అటు చూస్తున్నాడు.

చివరి నిమిషానికి మేము ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బాలు నవీన్ చేతిలో ఉంది. కుడివైపు ఇద్దరు అడ్డం నిలబడ్డారు. ఎడమ వైపు ఎవరూ లేరు, దారి తెరిచి పెట్టారు. రింగు కింద మస్తాన్ ఒంటరిగా చేతులెత్తి, "ఇట్లియ్యి! ఇట్లియ్యిరా!" అని అరుస్తున్నాడు. నవీన్ ఎడమకు తిరిగాడు. ఒక్క అంగలో వేగం అందుకున్నాడు. బాలును నేలకు కొట్టాడు.

బాలు లేవలేదు.

చెయ్యి పైకి వెళ్లింది, బాలు కింద ఉండిపోయింది. పుంగనూరువాడు వంగి దాన్ని తీసుకున్నాడు, కాయ ఏరుకున్నంత తేలిగ్గా. విజిలు పడింది.

జనం నవ్వారు. నవీన్ ఆ చోటును కాలితో నొక్కి చూశాడు. తర్వాత మావాళ్ల వైపు తిరిగాడు.

"మీకు తెలుసా?"



"తెలుసురా" అన్నాడు మస్తాన్. "పొద్దున రోలరు లాగినోళ్లందరికీ తెలుసు."

"సెప్పకూడదా?"

"ఎవురికి సెప్పేది? నువ్వు మాతో ఆడితే గదా."

గంగులప్ప సారు వాళ్ల మధ్యకు వెళ్లారు. ఆయన నవీన్‌ను తిడతారని అందరూ ఎదురుచూశారు. ఆయన మిగిలిన నలుగురి వైపు తిరిగారు. అంత కోపం నేనెప్పుడూ చూడలేదు.

"వాడు బాలు దాసుకున్నాడు. మీరు మాట దాసుకున్నారు. వానికన్నా మీరేం మేలురా? వాడన్నా లేటుగా వచ్చినాడు. మీరు ఐదున్నరకే వచ్చి ఈ పని జేసినారు."

మస్తాన్ ఏడ్చాడు. పెద్దలు పుంగనూరు జట్టులోంచి పొడుగ్గా ఉన్న ఒక కుర్రాణ్ణి ఎంపిక చేసి, ఇడ్లీ బాగుందని చెప్పి వెళ్లారు.

రాగిచేను

మరుసటి రోజు నవీన్ అందరికన్నా ముందు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడని రాస్తే మీకు బాగుంటుంది. రాలేదు. ఆ వారం రాలేదు, తర్వాతి వారమూ రాలేదు. బెంగుళూరుకు పంపిస్తున్నారని తెలిసింది.

గంగులప్ప సారు, నేను బస్సెక్కి వాళ్ల పల్లెకు వెళ్లాం. మునెప్ప చేనిలో ఉన్నాడు. చేను అనేది అలవాటు కొద్దీ అంటున్నాను. సగం రాగి నేలకు పరుచుకుని ఉంది. ఏనుగు అడుగుల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి.

సారు ఒక అడుగు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. "దీన్ని సదును జేసే రోలరు మన దగ్గర లేదప్పా" అన్నారు నాతో.

నవీన్ చెప్పినవి అన్నీ నిజం కాదు. అన్నీ అబద్ధమూ కాదు. ఏనుగులు రాని రోజున కూడా వాడు ఏనుగుల పేరు చెప్పుకున్నాడు, అది వాడే తర్వాత ఒప్పుకున్నాడు. ఫైనలు ముందు రాత్రి మాత్రం తండ్రీ కొడుకూ తెల్లారేదాకా డబ్బాలు కొడుతూ చేనిలోనే ఉన్నారు.

మునెప్ప సూటిగా అడిగాడు. "ఆటాడితే ఏమొస్తాది సార్?"

ఇలాంటి చోట నేనయితే ఉపన్యాసం మొదలుపెట్టేవాణ్ణి. గంగులప్ప సారు, "నాకు తెల్దప్పా" అన్నారు.

"మరి యాల ఆడిస్తాండారు?"

"వానికి ఇంకా ఆట రాదు. ఒక సమ్మచ్చరం ఇయ్యి, నేర్పిస్తా."

మునెప్ప ఆశ్చర్యపోయాడు. "అదేంది సార్, మావోడు బలే ఆడతాడని అందురూ అంటాండారే?"

"బాలుతో బలే ఆడతాడు. మనుసులతో ఆడేది రాదు. ఇప్పుడు పంపిస్తే బెంగుళూర్లో గూడా అంతే ఉంటాడు."

మునెప్ప ఒప్పుకోలేదు, కాదనలేదు. చేను వైపు చూసి, "ఈ పంట యెట్లాగూ పొయింది లే" అన్నాడు. అది అనుమతి అని సారు అర్థం చేసుకున్నారు. నవీన్ గడప దగ్గర నిలబడి అంతా విన్నాడు.

ఆ తర్వాతి సోమవారం ఐదున్నరకు నవీన్ గ్రౌండులో ఉన్నాడు. రోలరు దగ్గర నలుగురూ అప్పటికే పిడి పట్టుకుని ఉన్నారు. వాడు దూరంగా నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు. కొంచెంసేపయ్యాక మస్తాన్ తన చెయ్యి పక్కకు జరిపాడు, పిడి మీద ఒక చెయ్యి పట్టేంత. నవీన్ వచ్చి పట్టుకున్నాడు. గంగులప్ప సారు సున్నం డబ్బా వెతుక్కుంటూ అటు చూడనట్టు ఉన్నారు.

వాడు పూర్తిగా మారాడని చెప్పను. పాసు ఇచ్చేటప్పుడు భూమి రాసిస్తున్న మొహం ఎప్పటికీ పోలేదు, కానీ రాసిచ్చేవాడు. ఏనుగులు వచ్చిన రోజున మస్తాన్‌కు ఫోను చేసేవాడు. రాని రోజున వచ్చేవాడు. మరుసటి ఏడు జిల్లా జట్టులోకి వెళ్లాడు, ఎక్కువగా బెంచీ మీద కూర్చున్నాడు. బెంచీ మీద కూర్చోవడం మేము నేర్పలేదు, అక్కడ నేర్చుకున్నాడు. హాస్టలు సీటు వచ్చింది, చదువు అయింది. ఇప్పుడు బెంగుళూరులోనే ఉద్యోగం. ఆఫీసు జట్టులో ఆడతాడు. మేనమామ అక్కడే గేటు దగ్గర ఉంటాడని విన్నాను, నిజమో కాదో అడగలేదు.

ఒక కోచ్‌గా నాకు తెలిసింది ఇంతే. ప్రతిభ ఉన్నవాడిని దారిలో పెట్టాలని మనం ఏళ్ల తరబడి వాడి వైపే చూస్తాం. ఆ మిగిలిన నలుగురి వైపు చూసిన మనిషిని ఒక్కరినే చూశాను.

నాలుగు నెలల కింద

గంగులప్ప సారు నిద్రలో పోయారు. మదనపల్లె నుంచి నేను వెళ్లేసరికి ఇంటి ముందు జనం ఉన్నారు. పాత ఆటగాళ్లు చాలామంది వచ్చారు, పొట్టలతో గుర్తుపట్టడం కష్టమైంది. పాడె సిద్ధమైంది. బంధువుల్లో ఒక పెద్దాయన తొందరపెడుతున్నాడు.

"పొద్దు పోతాంది. ఎత్తండప్పా."

"కొంచెం ఆగండి పెద్దాయనా" అన్నాడు మస్తాన్. "నవీన్ వస్తాండాడు."

"ఎవురాయప్ప? కొడుకా?"

"కాదు. లేటుగా వచ్చేవోడు."

పెద్దాయనకు అర్థం కాలేదు. మస్తాన్ అరుగు దిగి పక్కకు వెళ్లి ఫోను చేశాడు. నేను దగ్గరే ఉన్నాను.

"యాడుండావురా? ... సరే విను. శాంతిపురం దాటినాక రోడ్డు తవ్వేసిండారు, పైకి బాగానే కనబడతాది, పోవద్దు. స్కూలు పక్క దావ పట్టుకో. ఆడ కల్వర్టు కాడ ఎడం పక్క మెత్తగా ఉండాది, బండి దిగబడతాది. కుడి పక్కనే రా. నిదానంగా రా, మేమెత్తంలే."

అరగంటకు నవీన్ వచ్చాడు. బండికి బురద లేదు. హెల్మెట్ తీసి గోడ మీద పెట్టి, పాడె దగ్గరికి నడిచాడు. మస్తాన్ చెయ్యి పక్కకు జరిపాడు.

తిరిగి వచ్చేటప్పుడు నేను గ్రౌండు వైపు వెళ్లాను. ఇప్పుడక్కడ నీలం రంగు సింథటిక్ కోర్టు ఉంది. మంచిదే, బాలు ఎక్కడ కొట్టినా ఒకేలా లేస్తుంది. గేటు వాచ్‌మన్ ఏడింటికి తీస్తాడు. పిల్లలు బండ్ల మీద వస్తారు, ఆడతారు, వీడియో తీసుకుంటారు, వెళ్తారు. రోలరు ప్రహరీ గోడ పక్కన ఉంది, దాని మీద పిల్లల బ్యాగులున్నాయి. ఒక కుర్రాణ్ణి అది ఏమిటని అడిగాను. "కూర్చునేదానికి ఏసిండారు సార్" అన్నాడు.

కుప్పం గ్రౌండులో ఇప్పుడు ఎవరూ నీళ్లు చల్లరు. ఎవరూ రోలరు లాగరు.